నవ్వని ముఖాన్ని కాపీ చేస్తూ

పోస్ట్ ఇంప్రెషనిజం అన్న పేరు పెట్టింది ఇంగ్లీషు విమర్శకుడు రోజర్ ఫ్రై. 1910లో లండన్‌లోని గ్రాఫ్టన్ గ్యాలరీస్‌లో మానే, సెజాన్, గొగాన్, వాన్‌గో తదితరుల చిత్రాలతో ప్రదర్శన పెట్టినప్పుడు ఆ పేరు వాడుకలోకి వచ్చింది. సెజాన్‌ని ఎలా చూడాలో ఇంగ్లీషు పాఠకులకి చాలావరకు నేర్పింది కూడా ఆయనే. 1927లో సెజాన్ మీద ఆయన వేసిన పుస్తకాన్ని ఇవాళ్టికీ కళావిద్యార్థులు చదువుతూనే ఉన్నారు. అదే ఫ్రై 1925లో రాసిన ఒక ఉత్తరంలో సెజాన్ భార్య ప్రస్తావన వస్తుంది. ముఖం మాడ్చుకుని కనిపించే మనిషని, పైగా ఆడవాళ్ళకి మాత్రమే వాడే ఒక తిట్టు తగిలించి రాశాడు. సెజాన్ తనలోని ఆవేశాన్ని అంతగా అణచుకోవడానికి ఆవిడ కూడా కొంత కారణమేమోనని అనుమానపడ్డాడు. యాపిల్ పండు మీద ఒక నీలి గీత ఎందుకుందో పేజీలకి పేజీలు ఆలోచించగలిగిన కన్ను, ఒక స్త్రీ ముఖం దగ్గరికొచ్చేసరికి ఒక్క తిట్టుతో పని ముగించుకుంది.

ఫ్రై ఒక్కడే కాదు. ముభావం, విసుగు, జడత్వం, మొండితనం – సెజాన్ మీద వచ్చిన రాతల్లో ఈ విశేషణాలు నూరేళ్ళుగా ఆవిడ వెంట తిరుగుతున్నాయి. ఇది మనకి కొత్త సంగతేం కాదు. పెళ్ళిసంబంధాలకి పంపే ఫోటో తీస్తూ స్టూడియో అతను "కాస్త నవ్వమ్మా" అంటాడు. పుస్తకం వెనక అట్టకోసం రచయిత్రి ఫోటో తీసేవాళ్ళూ ఆ మాటే అంటారు. నవ్వని మగముఖం గంభీరం. నవ్వని ఆడముఖం లోకానికి సంజాయిషీ బాకీ. చిత్రపటంలోని స్త్రీని చదివేటప్పుడు కూడా విమర్శకులు ఈ బాకీ వసూలుకే బయల్దేరతారు.

ఇంతకీ ఆ ముఖంలో ఏముంది? ఈ ప్రశ్నకి దూరంగా నిలబడి చూసినప్పుడు దొరికే జవాబు ఒకటి, కుంచె పట్టుకుని ఆ ముఖాన్ని అంగుళం అంగుళం తిరిగి గీసినప్పుడు దొరికే జవాబు ఇంకొకటి. నేను మాట్లాడదల్చుకున్నది ఈ రెండో జవాబు గురించి.

కాలేజీలో పాఠాలు చెప్పడం మానేశాక తైలవర్ణాలు నేర్చుకోవడం మొదలుపెట్టాను. మా టీచరు నాకంటే ఇరవయ్యేళ్ళు చిన్న. కూజా, నిమ్మకాయలు, మడతలు పడిన దుప్పటి అయ్యాక ఒక పెద్ద చిత్రకారుడి పోర్ట్రెయిట్ ఏదైనా కాపీ చెయ్యమంది. పుస్తకంలో ఉన్న అచ్చుబొమ్మల్లోంచి నేను ఎంచుకున్నది సెజాన్ సుమారు 1877లో వేసిన 'ఎర్ర చేతుల కుర్చీలో మదాం సెజాన్'. అసలు చిత్రం బోస్టన్ మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్‌లో ఉంది. ఎత్తు 72 సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు సుమారు 56. మా టీచరు మొదటి రోజు ఒకే ఒక్క సలహా ఇచ్చింది. "ముఖం గీస్తున్నాననుకోకండి మేడమ్. రంగు పక్కన రంగు పెడుతున్నాననుకోండి, చాలు."

కాపీ అనే మాట మన భాషలో పరీక్షహాలు నుంచి వచ్చింది కాబట్టి దానికి ఎప్పుడూ 'కొట్టడం' తోడుంటుంది. కాని చేతివిద్యలన్నీ చూసి చెయ్యడంతోనే మొదలవుతాయి. అమ్మ ముగ్గు వేస్తుంటే పక్కన కూర్చుని అవే చుక్కలు పెట్టి, ఆవిడ చెయ్యి ఎటు తిరిగితే మన చెయ్యి అటు తిప్పుతాం. దాన్ని ఎవరూ కాపీ అనరు. కళ అని కూడా అనరనుకోండి, అది వేరే సంగతి.

యూరప్‌లో స్త్రీలకి ఈ కాపీ ఒక్కటే చాలాకాలం తెరిచి ఉన్న తలుపు. పారిస్‌లోని ప్రభుత్వ కళాశాల ఎకోల్ దె బోజార్ 1897 వరకు అమ్మాయిలని చేర్చుకోలేదు. నగ్న మోడల్‌ని చూసి గీసే తరగతి పెద్ద చిత్రకారుడు కావడానికి పునాది అయితే, ఆ తరగతిలోకి స్త్రీలని రానివ్వకపోవడమే గొప్ప స్త్రీ చిత్రకారులు లేకపోవడానికి ఒక ముఖ్య కారణమని లిండా నాక్లిన్ 1971లోనే చెప్పింది. లూవ్ర్ మ్యూజియంలో మాత్రం అనుమతి తీసుకుని ఈజిల్ పెట్టుకోవచ్చు. బెర్త్ మొరిసో 1858 నుంచి అలా కాపీలు చేస్తూనే నేర్చుకుంది. పూటగడవడం కోసం పాత చిత్రాల కాపీలు చేసి అమ్ముకున్న స్త్రీలు ఎందరో ఉన్నారు. వాళ్ళని చూసి పత్రికలవాళ్ళు నవ్వుకున్నారు కూడా. సొంత ఊహ లేనివాళ్ళు కాబట్టి కాపీలు చేస్తున్నారన్నారు. అదే లూవ్ర్‌లో 1860లలో కాపీదారుగా పేరు నమోదు చేయించుకున్నవాళ్ళలో సెజాన్ ఒకడు. పూసాన్, రూబెన్స్, దెలాక్రువాలనీ, అక్కడి శిల్పాలనీ జీవితాంతం చూసి గీస్తూనే ఉన్నాడు. ఆయన చేస్తే అది అధ్యయనం. ఒకే గదిలో ఒకే పనికి రెండు పేర్లు.

బొమ్మ దగ్గరికి వద్దాం. పొడుగు చారల పావడా, నీలిరంగు పొట్టి జాకెట్టు, మెడ దగ్గర పెద్ద బో. ఒళ్ళో వేళ్ళు వేళ్ళు పెనవేసుకున్న చేతులు. వెనక ఆలివ్ పసుపు గోడకాగితం, దాని మీద నీలి గుర్తులు. వీటన్నిటినీ పట్టుకున్నట్టు పెద్ద ఎర్ర కుర్చీ. తైలవర్ణంలో తొందరపాటు పనికిరాదు. లిన్సీడ్ ఆయిల్ అంటే మన అవిసెనూనే. అడుగు పొర టర్పెంటైన్ కలిపి పల్చగా వెయ్యాలి, పైకి పోయేకొద్దీ నూనె పాలు పెంచాలి. కింద పొర ఆరకుండా పై పొర ముందే ఆరిపోతే కొన్నాళ్ళకి బొమ్మ పగుళ్ళిస్తుంది. ఒక పొర వేసి నాలుగైదు రోజులు ఊరుకోవాలి. ఆ ఊరుకునే రోజుల్లో చూడటం తప్ప వేరే పనుండదు. చదివిన పేజీని అన్నాళ్ళు అలా చూస్తూ కూర్చునే విమర్శకులు ఎందరుంటారు?

ఆ చూపులో మొదట అర్థమయ్యేది ఈ బొమ్మలో ముఖానికి విడిగా రంగంటూ లేదని. చెంప నీడలో ఆకుపచ్చ కావాలి, అది గోడలో ఉన్న పచ్చే. చేతుల్లో గులాబీ కావాలి, అది కుర్చీ ఎరుపులోంచి వచ్చిందే. జాకెట్టు నీలం గోడకాగితం గుర్తుల్లోకి పాకుతుంది. ఒకచోట రంగు కాస్త మారిస్తే పక్కనున్న నాలుగు చోట్లా మార్చాలి. అంటే ఈ స్త్రీని ఈ గదిలోంచి విడదీసి "ఈమె స్వభావం ఇది" అని చెప్పడం రంగుల లెక్కలో సాధ్యం కాదు. కుర్చీకి ఎంత స్వభావముందో ముఖానికీ అంతే ఉంది. పాలెట్ మీద నేను పిండుకున్నవి కోబాల్ట్ నీలం, విరిడియన్, పసుపు ఓకర్, కాడ్మియం ఎరుపు, తెలుపు, కాస్త అంబర్. వీటిలో విసుగు అనే ట్యూబు లేదు.

ఇక నోరు. మాడిపోయిన ముఖమని అందరూ సాక్ష్యంగా చూపించేది దాన్నే. చేత్తో గీసేటప్పుడు అది రెండు మూడు కుంచె పెట్టుళ్ళు, అంతే. పెదవుల మధ్య గీత చివర నూలుపోగంత పైకి జరిపితే ముఖం మెత్తబడుతుంది, అంతే కిందికి జరిపితే చిరాకు పడుతుంది, ఎక్కడిదక్కడ ఉంచితే ఏమీ అనదు. సెజాన్ ఎక్కడిదక్కడే ఉంచాడు. ఆ ముఖం ఏమీ అనడంలేదు. ఏమీ అనకపోవడాన్ని మనం సహించలేక దానికి ఒక మాట అంటగట్టాం. ఒక మనిషి శీలం మీద నూరేళ్ళుగా నడిచిన తీర్పు నూలుపోగంత రంగు మీద, అదీ పడని చోట ఆధారపడి ఉంది.

కదలకుండా ఉండటం కూడా పనే. డీలర్ ఆంబ్రోజ్ వొలార్ 1899లో తన పోర్ట్రెయిట్ కోసం సెజాన్ ముందు కూర్చున్నాడు. 115 సార్లు కూర్చున్నానని, కునుకు పట్టి కదిలితే యాపిల్ పండులా ఉండమని సెజాన్ కేకలేశాడని, అంతా అయ్యాక చొక్కా ముందుభాగం మాత్రం ఫరవాలేదన్నాడని తన పుస్తకంలో రాసుకున్నాడు. దాన్ని అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. ఒక మగవాడు కూర్చుంటే అది ఓర్పు కథ అయింది. ఆవిడ 1870లనుంచి 1890ల దాకా దాదాపు ఇరవయ్యేళ్ళు కూర్చుంది. ఇప్పటికి తెలిసిన తైలవర్ణ చిత్రాలే 29. డ్రాయింగులు, నీటిరంగులు వేరే. 2014 నవంబరులో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం వాటిలో 24 తైలవర్ణ చిత్రాలని ఒక్కచోట చేర్చింది. గంటలతరబడి బిగుసుకుని కూర్చున్న మనిషి ముఖంలో నవ్వు నిలవదన్న చిన్న సంగతి, ఎప్పుడూ కూర్చోబెట్టే స్థానంలోనే ఉన్న కళ్ళకి తట్టలేదు. శ్రమని స్వభావం అనుకోవడం మనింట్లో కూడా ఉన్నదే. వంటింట్లో నిలబడి నిలబడి నీరసించిన మనిషిని "ఆవిడ తీరే అంత" అనెయ్యడం ఎంత సులువో మనకి తెలుసు.

ఆవిడ పేరు ఒర్తాన్స్ ఫికే. 1850లో పుట్టింది. పారిస్‌లో పుస్తకాల బైండింగ్ పని చేసేది. 1869లో సెజాన్‌తో పరిచయమయ్యేటప్పటికి ఆమెకి పంతొమ్మిది, అతనికి ముప్ఫై. 1872లో కొడుకు పుట్టాడు. అతని తండ్రి ఎక్స్‌లో బ్యాంకు యజమాని. ఆయన ఇచ్చే భత్యం ఆగిపోతుందన్న భయంతో తల్లినీ బిడ్డనీ ఏళ్ళతరబడి దాచి ఉంచాడు. 1878లో విషయం బయటపడి తండ్రి డబ్బు బిగించినప్పుడు, ఒర్తాన్స్‌కి 60 ఫ్రాంకులు పంపమని స్నేహితుడు జోలాకి ఉత్తరాలు రాశాడు. ఎర్ర కుర్చీ బొమ్మ సరిగ్గా ఈ దాపరికం రోజులది. పెళ్ళి 1886 ఏప్రిల్‌లో జరిగింది. అప్పటికి కొడుక్కి పద్నాలుగేళ్ళు. బొమ్మ వేసినప్పుడు ఆవిడ చట్టప్రకారం మదాం సెజాన్ కాదు. ఆ పేరు ఇవ్వడానికి మనిషి సిద్ధపడని రోజుల్లో వేసిన బొమ్మలకి కూడా లోకం తర్వాత తీరిగ్గా ఆ పేరే తగిలించింది. 2014 ప్రదర్శన శీర్షిక కూడా 'మదాం సెజానే'.

పేరు పోయాక మిగతాది పోవడానికి ఎంతోసేపు పట్టదు. 1943లో ఎర్ల్ లోరన్ సెజాన్ కూర్పు పద్ధతి మీద పుస్తకం రాస్తూ, ఈవిడ చిత్రపటం ఒకదాన్ని ఉత్త గీతలుగా, బాణం గుర్తులుగా విడగొట్టి చూపించాడు. 1962లో రాయ్ లిక్టెన్‌స్టీన్ ఆ రేఖాచిత్రాన్ని పెద్ద కేన్వాసు మీదకి ఎక్కించి 'మదాం సెజాన్ చిత్రపటం' అని పేరు పెట్టాడు. తన రేఖాచిత్రాన్ని దొంగిలించాడని లోరన్ అభ్యంతరపెట్టాడు. ఏది కాపీ, ఏది కళ అని విమర్శకులు వాదించుకున్నారు. ఒక పురుషుడి బొమ్మని రెండో పురుషుడు విప్పితే, ఆ విప్పినదాన్ని మూడో పురుషుడు ఎత్తుకెళ్ళాడన్న తగాదా అది. అందులో ముఖం లేని ఆకారం ఎవరిదన్న ప్రశ్నకి చోటే లేదు.

ఇదే ఎర్ర కుర్చీ బొమ్మ చుట్టూ స్త్రీల కథ ఇంకొకటి ఉంది. సెజాన్ చనిపోయిన మరుసటి ఏడు, 1907 అక్టోబరులో, పారిస్ ఆటమ్ సలోన్‌లో ఆయన చిత్రాలు 56 ప్రదర్శించారు. జర్మన్ కవి రిల్కే దాదాపు రోజూ వెళ్ళి చూసి, చూసినదంతా భార్య క్లారాకి ఉత్తరాలుగా రాశాడు. అక్టోబరు 22న ఈ బొమ్మ గురించే రాశాడు. అందులో ప్రతి రంగుకీ పక్క రంగు సంగతి తెలుసన్నట్టుగా ఆయన చేసిన వర్ణన కళావిమర్శలో చాలా గొప్పది. నా కుంచెకి తెలిసినదాన్ని ఆయన కన్నుకి తెలిసిందని ఒప్పుకుంటాను. అయితే ఆ ఉత్తరాలు అందుకున్న క్లారా వెస్ట్‌హోఫ్ స్వయంగా శిల్పి. పారిస్‌లో నేర్చుకుంది. అప్పుడామె జర్మనీలో ఉంది. సరిగ్గా ఒకరోజు ముందు, అక్టోబరు 21న, క్లారాకి ఇంకో ఉత్తరం రాసింది ఆమె స్నేహితురాలు, చిత్రకారిణి పౌలా మోడర్సన్-బెకర్. 1900లో తామిద్దరూ వొలార్ దుకాణంలో సెజాన్ చిత్రాలు చూసిన రోజుని గుర్తుచేసుకుంది. పారిస్ నుంచి వచ్చిన ఆ ఉత్తరాలు తనకీ చూపించమంది. ఇప్పుడు ఇక్కడ ఉండక తప్పని పరిస్థితి కాకపోతే పారిస్ వెళ్ళకుండా తనని ఏదీ ఆపేది కాదంది. ఆ తప్పనిసరి ఏమిటంటే ఆమెకి నెలలు నిండాయి. నవంబరు 2న కూతురు పుట్టింది. 20న పౌలా చనిపోయింది, ముప్ఫై ఒక్కేళ్ళకి.

ఒక శిల్పి చేతిలో రెండు ఉత్తరాలు. ఒకటి వెళ్ళి చూడగలిగినవాడిది, ఒకటి వెళ్ళలేకపోయినదానిది. రిల్కే ఉత్తరాలు తర్వాత పుస్తకంగా వచ్చి ప్రపంచమంతా చదివింది, చదవాల్సినవే. కాని పౌలా అడిగినదేమిటో చూడండి. బొమ్మ దగ్గరికి పోలేను, కనీసం దాని నకలు పంపమని అడిగింది. మాటల్లో ఉన్న నకలు. కాపీ అనేది అసలుకి తక్కువరకం అనుకునేవాళ్ళు అసలు దగ్గరికి ఎప్పుడు కావాలంటే అప్పుడు పోగలిగినవాళ్ళు. మిగతావాళ్ళకి – బాలింతలకి, ఇంటిచాకిరి వదలనివాళ్ళకి, వీసా లేనివాళ్ళకి – అచ్చుబొమ్మ, ఉత్తరం, అనువాదం, చేతిరాత ప్రతి, ఇవే బడి.

రచయితల్లో ఈ బడిలో చదివిన మనిషి గెర్‌ట్రూడ్ స్టైన్. ఆమె, అన్న లియో కలిసి కొన్న చిత్రాల్లో విసనకర్ర పట్టుకున్న ఒర్తాన్స్ బొమ్మ ఉంది. దాని ఎదురుగా కూర్చుని 'త్రీ లైవ్స్' రాశానని తర్వాత చెప్పుకుంది. 1909లో వచ్చిన ఆ పుస్తకంలో ఉన్నది ఇద్దరు జర్మన్ పనిమనుషులూ, మెలాంక్తా అనే నల్లజాతి యువతీ. బొమ్మలో ప్రతి అంగుళానికీ సమానమైన బరువు ఉన్నట్టే వాక్యంలో ప్రతి మాటకీ సమానమైన బరువు ఇవ్వాలనుకుంది. ఇదీ కాపీయే, రంగులోంచి భాషలోకి. ఒర్తాన్స్ ఎలాంటి భార్య అన్న ప్రశ్న స్టైన్‌కి అక్కర్లేకపోయింది. ఆ బొమ్మ ఎలా కట్టబడిందన్నది కావాలి. ఆ శ్రద్ధలోనే, ఎవరూ కథ రాయని స్త్రీలకి కథ దక్కింది.

ఇక్కడ మన విమర్శకి కూడా ఒక హెచ్చరిక ఉంది. 2008లో రూత్ బట్లర్ సెజాన్, మోనే, రోదాఁల మోడల్-భార్యల జీవితాలని వెతికి రాసింది. 2009లో సూసన్ సిడ్లాస్కస్ ఈ చిత్రపటాల్లో ఒర్తాన్స్ ఉత్త వస్తువు కాదని వాదించింది. ఈ పని ఎంతో అవసరం. కాని అక్కణ్ణించి ఒక్క అడుగు ముందుకేసి, ఆ నవ్వని ముఖం పితృస్వామ్యం మీద తిరుగుబాటని ప్రకటించడానికి మనకీ మనసు లాగుతుంది. ఫ్రై తిట్టు రాసిన చోటే మనం పొగడ్త రాస్తాం. ఖాళీ చోటు మాత్రం ఇద్దరం నింపినట్టే. ఆమె గొంతు వినిపించే కాగితాలు దాదాపు మిగల్లేదు. 1906లో భర్త చావుబతుకుల్లో ఉంటే దర్జీ దగ్గర పనుందని ఆగిపోయిందన్న కథ మిగిలింది. ఆ రోజు ఆమె ఏమనుకుందో మిగల్లేదు. మౌనంగా ఉన్న స్త్రీ తరఫున మాట్లాడే హక్కు స్త్రీవాదులమైనంత మాత్రాన మన చేతికి వచ్చెయ్యదు. ఆమెకి ఏం జరిగిందో, ఏ డబ్బుమీద బతికిందో, ఎన్నిసార్లు కూర్చుందో చెప్పగలం. అవి చెప్పాలి. లోపల ఏముందో ఆమెదే.

కాపీ చెయ్యడం ఈ నిగ్రహం నేర్పుతుంది. కాపీ చేసే చెయ్యి కొత్తగా ఏమీ కలపకూడదు, ఉన్నది వదలకూడదు. విమర్శకీ ఇంతకంటే మంచి నియమం నాకు తెలీదు. మనం ఒక కథలోని స్త్రీ పాత్రని గడుసుదనీ, అమాయకురాలనీ, మొండిదనీ ఒక్క మాటలో తేల్చేసేముందు, ఆ పాత్ర ఉన్న వాక్యాలని ఒకసారి మన చేత్తో తిరిగి రాసి చూస్తే బావుంటుంది. విశేషణాల్లో సగం మనం తెచ్చి పెట్టినవేనని తేలొచ్చు.

నా బొమ్మ ఎనిమిది పొరలకి పూర్తయింది. కాపీ మీద అసలు చిత్రకారుడి సంతకం పెట్టకూడదని, కొలత కూడా అసలుకి సమానంగా ఉండకూడదని లూవ్ర్‌లో నియమం ఉంది. నాది అసలుకంటే చిన్నదే. సంతకం ముందువైపు ఎవరిదీ లేదు. కేన్వాసు వెనక, బొమ్మ పేరు రాసే చోట, పెన్సిల్‌తో ఇలా రాశాను: ఒర్తాన్స్ ఫికే, 1850–1922. పుస్తకాలు కుట్టింది. ఇరవయ్యేళ్ళు కదలకుండా కూర్చుంది.